మోటార్ వైండింగ్ షాపులో వయొలిన్: 61 వారాల డైరీ

నాకు 44 ఏళ్లు. నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద మోటార్ వైండింగ్ షాపు. వయొలిన్ ఎందుకు మొదలుపెట్టానన్నది ఇక్కడ రాయను, ఆ సంబురం రెండు వారాల్లోనే ఒడిసిపోయింది. మిగిలినవి తెగిన తీగలు, జాబ్ కార్డుల వెనక రాసుకున్న కొలతలు. నలభై దాటాక మొదలుపెట్టేవాళ్లకు, అందులోనూ చేతులతో పని చేసేవాళ్లకు పనికొస్తాయని వరసగా పెడుతున్నాను. నేను చేసినవి మీరు చేయకుంటే రెండు మూడు వేలు, నాలుగు నెలలు మిగులుతాయి.

నేర్చుకునేది కర్ణాటక పద్ధతి. ఆదివారం పొద్దున గుడి మండపంలో క్లాసు, రిటైరైన సార్ చెబుతారు. బ్యాచ్‌లో నేను తప్ప అందరూ 9 నుంచి 13 ఏళ్ల పిల్లలు. నేను అందరికీ అంకుల్.

దశ 1: కూర్చోవడం, రోజిన్, మొదటి తీగ (జూన్–జులై, వారం 1–8)

మొదటి రోజు కమానుతో ఎంత రుద్దినా చప్పుడే రాలేదు. వయొలిన్‌లోనే ఏదో లోపం ఉందని అమ్మినతనికి ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాను. లోపం నాది. కొత్త కమాను వెంట్రుకలకు రోజిన్, అంటే కమాను తీగను పట్టుకునేలా రాసే బంక, పట్టి ఉండదు. కొత్త రోజిన్ బిళ్ల కూడా గాజులా నున్నగా ఉంటుంది, దాని మీద కమాను ఎంత రాసినా పొడి రాలదు. షాపులో ఉన్న సన్న గరుకు కాగితంతో బిళ్ల పైభాగం కొంచెం గీకాక పట్టింది. మొదటిసారి 40, 50 సార్లు రాయాలి, ఆ తర్వాత రోజుకు నాలుగైదు సార్లు చాలు. రుచి మరిగి రెండో వారంలో రోజూ 30 సార్లు రాశాను. పొడి తీగల మీద పిండిలా పేరుకుని గరగరమంది. ఇప్పుడు వాయించడం అయిపోగానే పాత బనీను గుడ్డతో తుడుస్తాను, కమాను మర వదులు చేసి పెడతాను.

మన పద్ధతిలో నిలబడి గడ్డం కింద పట్టుకోరు. నేల మీద కూర్చుని, వయొలిన్ అడుగు భాగాన్ని ఎడమ భుజానికీ ఛాతీకీ ఆనించి, చుట్ట తిరిగిన తలను కుడి చీలమండ దగ్గర నిలపాలి. బరువంతా ఒంటి మీదా కాలి మీదా ఉంటుంది కాబట్టి ఎడమ చేయి తీగ వెంబడి స్వేచ్ఛగా జారుతుంది, స్వరాన్ని ఊపే గమకాలకు కావాల్సింది అదే. ఇరవై ఏళ్లుగా స్టూలు మీద కూర్చుని కాయిళ్లు దింపినవాణ్ని, నాకు 12 నిమిషాలకే కుడి కాలు తిమ్మిరెక్కింది. మార్చినవి:

1. పిరుదుల కింద దుప్పటి మడిచి 3 అంగుళాల ఎత్తు.
2. కుడి కాలు పూర్తిగా మడవకుండా జానెడు ముందుకు.
3. చీలమండకు పాత సాక్సు. తల జారదు, ఎముక నొప్పి పెట్టదు.
4. 15 నిమిషాలకు ఒకసారి లేచి నాలుగు అడుగులు.

ఐదో వారానికి 35 నిమిషాలు కూర్చోగలిగాను.

ఇక తీగలు. కొన్నప్పుడు పాశ్చాత్య శ్రుతికి కట్టి ఉంటాయి. మనకు కావాల్సింది స-ప-స-ప. పిల్లల గొంతుకు సరిపోతుందని బ్యాచ్ మొత్తానికి ఐదు శ్రుతి, అంటే జీ. లావు తీగ నుంచి సన్న తీగకు లెక్క ఇదీ: 4వది 196 హెర్ట్జ్, 3వది 294, 2వది 392, 1వది 588. నాలుగో తీగ, మూడో తీగ దాదాపు ఉన్నచోటే ఉంటాయి. రెండోదాన్ని 440 నుంచి, ఒకటోదాన్ని 659 నుంచి దించాలి. దించేదే తప్ప ఎక్కించేది ఏమీ లేదు. అయినా తెంపాను. మూడో తీగ మీటుతూ ఒకటో తీగను బిగించే బిరడా తిప్పాను. స్వరం ఎంతకూ కదలట్లేదని ఇంకా తిప్పాను. తెగిన తీగ చెంప మీద గీసుకుపోయింది. అప్పటి నుంచి బిరడా ముట్టుకునే ముందు దాని నుంచి తీగ ఎటు పోతుందో వేలితో తడిమి చూస్తాను.

తర్వాత చేసినది రాయాలా వద్దా అని ఆలోచించాను. తెగిన తీగను మైక్రోమీటర్‌తో కొలిస్తే 0.26 మి.మీ. మా లెక్కలో 32, 33 గేజీల మధ్య. 33 గేజి రాగి తీగ షాపులో కిలోల కొద్దీ ఉంది. ఎక్కించాను. సగం స్థాయికి కూడా రాకముందే సాగి సాగి తెగిపోయింది. లెక్క వేస్తే ఆ స్వరానికి తీగ మీద ఆరేడు కిలోల లాగుడు కావాలి. ఆ మందంలో మెత్తటి వైండింగ్ రాగి కిలో చిల్లరకే తెగుతుంది. ఒకటో తీగను ఉక్కుతో చేసేది ఊరికే కాదు.

ఇప్పటిదాకా: 31 గంటలు. ఖర్చు: వయొలిన్, కమాను, పెట్టె 7,200, రోజిన్ 150, ఒక సెట్టు తీగలు 450, ఫీజు రెండు నెలలకు 1,600. మొత్తం రూ. 9,400.

దశ 2: లోపల పడిపోయిన కర్ర (ఆగస్టు–సెప్టెంబరు, వారం 9–17)

రోజిన్ పొడి శుభ్రం చేద్దామని ఒక రాత్రి నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేశాను. మోటారు విప్పేవాడి అలవాటు అది: మొత్తం విప్పు, కడుగు, మళ్లీ బిగించు. తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జి పక్కకు ఒరిగింది. దానికి ఏం కాదు, మళ్లీ నిలబెట్టొచ్చు. కానీ లోపల టక్కుమని ఇంకేదో పడింది. ఊపితే గలగల.

అది సౌండ్‌పోస్ట్. పై చెక్కకూ వెనక చెక్కకూ మధ్య, సన్న తీగ వైపున్న బ్రిడ్జి కాలికి కొంచెం వెనకగా నిలబడే చిన్న గుండ్రటి కర్ర. నాదాంట్లో మందం 6 మి.మీ. జిగురు ఉండదు, పైనుంచి తీగలు నొక్కే ఒత్తిడికే బిగుసుకుని నిలుస్తుంది. ఒత్తిడి తీసేశాను, పడిపోయింది.

సైకిల్ పుల్ల ఒకటి తీసుకుని వంచి, కొస పదును పెట్టి, పక్క రంధ్రంలోంచి మూడు సాయంత్రాలు ప్రయత్నించాను. స్టేటర్ గాడిలో ఎక్కడ చిక్కిన తీగనైనా చూడకుండా లాగగలను, ఇది మాత్రం చేతకాలేదు. రెండుసార్లు నిలబడినట్టే నిలబడి, వేలు తీయగానే పడింది. రంధ్రం అంచు మీద వార్నిష్ లేచిపోయింది. మూడో రోజు సార్‌కు ఫోన్ చేశాను. కర్ర లేకుండానే తీగలు బిగించి వాయించుకోవచ్చా అని అడిగా.

"వద్దు తమ్ముడూ, పై చెక్క కుంగుతది. అట్లనే తీసుకొని పోయి చూపించు."

హైదరాబాద్‌లో వాయిద్యాలు బాగుచేసే ఆయన 20 నిమిషాల్లో నిలబెట్టాడు. ఆయన పనిముట్టు నా సైకిల్ పుల్ల లాంటిదే, కాకపోతే వంపు రెండు వైపులా ఉంది. బ్రిడ్జిని వెలుతురుకు ఎత్తి చూపించాడు: తీగలు బిగించిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం ముందుకు వంగి, ఇప్పుడు విల్లులా అయింది. అదీ మార్చాల్సి వచ్చింది. తీగలు మార్చేవాళ్లకు:

1. ఒక తీగ విప్పితే అది బిగించాకే రెండోది.
2. కొత్త తీగ వేసే ముందు బిరడాల పక్కనుండే మొదలు పలక గాడిలోనూ బ్రిడ్జి గాడిలోనూ మెత్తటి పెన్సిల్ రాయాలి. తీగ జారుతుంది, బ్రిడ్జిని లాగదు.
3. శ్రుతి చేశాక బ్రిడ్జిని పక్కనుంచి చూడాలి. వెనక ముఖం, అంటే తీగలు కట్టిన వైపుది, నిట్టనిలువుగా ఉండాలి. పెళ్లిపత్రిక మూల ఆనిస్తే తెలిసిపోతుంది.
4. ముందుకు ఒరిగితే రెండు చేతులతో పైఅంచు పట్టుకుని మెల్లగా వెనక్కి.

కమాను గురించి. ఈ రెండు నెలలూ షాపు వెనక గదిలో వాయించేవాణ్ని. ఒక రోజు కనగల్ నుంచి మోటారు తెచ్చిన రైతు బయట నిలబడి అరిచాడు, "అన్నా, లోపల ఏదో మోటరు బేరింగు పోయినట్టుంది, బంజెయ్ జర." తప్పు పట్టలేను. ఫోన్ స్టాండుకు పెట్టి వీడియో తీసుకుంటే కమాను తీగకు అడ్డంగా తిన్నగా పోవట్లేదు. కొస దగ్గరకు వచ్చేసరికి ఉండాల్సిన చోటు నుంచి నలభై మిల్లీమీటర్లు పక్కకు జారి, వేళ్లు పెట్టే పలక మీదకు ఎక్కుతోంది. ఆ జారుడే కీచుమనేది. మోచేయి కదలాల్సిన చోట భుజం కదుపుతున్నాను.

లావు కరెంటు పైపు అడుగున్నర ముక్క కోసి, బ్రిడ్జికి సమాంతరంగా ఉండేలా స్టాండుకు బిగించి, వయొలిన్ లేకుండా కమానును ఆ పైపులో రోజూ 10 నిమిషాలు తోశాను. పైపుకు తగిలితే చప్పుడు అవుతుంది కాబట్టి చూడాల్సిన పని లేదు. మూడు వారాలకు జారుడు 40 నుంచి 12 మి.మీ.కు దిగింది. పైసా ఖర్చు లేకుండా వచ్చిన లాభం ఇదొక్కటే.

ఇప్పటిదాకా: 69 గంటలు. ఈ దశలో సౌండ్‌పోస్ట్, బ్రిడ్జి 900; బస్సు, భోజనం 400; ఫీజు 1,600. మొత్తం రూ. 12,300.

దశ 3: టేపులు, లావు వేళ్లు (అక్టోబరు–డిసెంబరు, వారం 18–30)

మొదటి పాఠాలైన సరళీ వరుసలు మాయామాళవగౌళ రాగంలో. స తర్వాత రి చాలా దగ్గర, రి నుంచి గ చాలా దూరం, గ పక్కనే మ. వయొలిన్‌కు మెట్లు ఉండవు కాబట్టి వేలు ఎక్కడ పెట్టాలో తెలియడానికి టేపులు అతికిద్దామనుకున్నాను. నెట్‌లో దొరికిన పట్టికను నా వయొలిన్‌కు లెక్కగట్టాను. మొదలు పలక నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు నాకు 327 మి.మీ. పట్టిక ప్రకారం రి 18.4, గ 67.5, మ 82.0. వెర్నియర్‌తో కొలిచి, వైండింగ్‌కు వాడే సన్న టేపు అతికించాను.

ఆదివారం సార్ రి దగ్గర తల అడ్డంగా ఊపారు, గ దగ్గర ఇంకా ఎక్కువ ఊపారు. మ దగ్గర ఊరుకున్నారు. ఇంటికొచ్చి తంబూరా యాప్ పెట్టుకుని విన్నాక అర్థమైంది. ఆ పట్టిక హార్మోనియం లెక్కది, అష్టకాన్ని 12 సమాన భాగాలు చేసినది. తంబూరాతో కలిసే గ వేరే చోట ఉంటుంది. కొత్త లెక్క చాలా తేలిక, మీ తీగ పొడవును భాగిస్తే సరి:

1. రి = పొడవు ÷ 16. నాకు 20.4 మి.మీ.
2. గ = పొడవు ÷ 5. నాకు 65.4.
3. మ = పొడవు ÷ 4. నాకు 81.8.
4. పంచమం తీగ మీద ఇవే చోట్లు ద, ని, పై స అవుతాయి. మళ్లీ కొలవక్కర్లేదు.

కొలత తీగ పక్కనే, మొదలు పలక అంచు నుంచి తీసుకోవాలి. వేలితో నొక్కితే తీగ కొంచెం సాగుతుంది కాబట్టి నేను ప్రతి టేపునూ అర మిల్లీమీటరు వెనక్కి జరిపాను. ఈ లెక్క గమకం లేని నిలువు స్వరానికే. పాటలో రి ఊగుతుంది, అప్పుడు ఏ టేపూ పనికిరాదని సార్ అప్పుడే చెప్పారు.

తేడాను సెంట్లలో కొలిచాను. మన దగ్గర భూమికి గుంటలే గాని సెంట్లు లేవు, ఈ సెంటు వేరే: ఒక అర స్వరంలో నూరో వంతు. శ్రుతి కొలిచే యాప్‌ది కూడా హార్మోనియం లెక్కే కాబట్టి గ సరిగ్గా పలికితే 14 సెంట్లు తక్కువ చూపిస్తుంది, రి 12 ఎక్కువ చూపిస్తుంది. సున్నా చూపించాలని పట్టుబట్టొద్దు. ప్రతి ఆదివారం రాత్రి ఒక్కో స్వరం 20 సార్లు, నేను గోడకు తిరిగి వాయిస్తాను, ఎనిమిదో తరగతి చదివే మా బిడ్డ ఫోన్ చూసి రాస్తుంది. "నాన్నా, 28 పైన. నాన్నా, 40 కింద. ఇంక చాలా నాన్నా?" సగటు తప్పు, 20వ వారంలో: రి 34, గ 22, మ 19.

గ, మ మధ్య ఎప్పుడూ ఇరుకే. రెండు టేపుల మధ్య దూరం 16.4 మి.మీ. నా ఉంగరపు వేలి కొన వెర్నియర్‌లో 17.8. పిల్లలు మధ్య వేలు గ మీద ఉంచి ఉంగరపు వేలు మ మీద పెట్టేస్తారు, నాకు రెండూ పట్టవు. ఆరు వారాలు ఇరికించి చూశాను, గ వేలు వెనక్కి నెట్టుకుపోయి రెండు స్వరాలూ చెడ్డాయి. సార్‌కు చెబితే మ వేసేటప్పుడు గ వేలు లేపేయమన్నారు. అంతే. ఆరు వారాల ముందే అడగాల్సింది. తిరిగి గకు దిగేటప్పుడు వేలు గాల్లోంచి వచ్చి కూర్చోవాలి కాబట్టి వేగం తగ్గుతుంది, ఆ ఇబ్బంది ఇప్పటికీ ఉంది. 30వ వారంలో: రి 17, గ 12, మ 9.

ఇంకొక నష్టం. వార్నిష్ చేతులతో ఒకసారి కమాను వెంట్రుకలు పట్టుకున్నాను. ఆ చోట రోజిన్ పట్టదు, కమాను జారిపోతుంది. కొత్త వెంట్రుకలకు 700. షాపులో సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే పెట్టె తెరవడం అప్పటి నుంచి రూలు.

ఇప్పటిదాకా: 133 గంటలు. వెంట్రుకలు 700, ఫీజు 2,400. మొత్తం రూ. 15,400.

దశ 4: యాసంగి, వంద హెర్ట్జ్ (జనవరి–ఏప్రిల్, వారం 31–47)

యాసంగిలో బోర్లు అడుగంటుతాయి, మోటార్లు కాలుతాయి. రోజుకు ఎనిమిదీ తొమ్మిదీ వస్తాయి, రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం దించి షాపులోనే 15 నిమిషాలు వాయించేవాణ్ని. ఫిబ్రవరి రెండో వారంలో సార్ అన్నారు, "నీ స పైకి పోతంది. ఇదివరకు లేదు గద ఈ రోగం."

యాప్ చూడకుండా చెవితోనే శ్రుతి చేసుకోమని సార్ అప్పటికే చెప్పి ఉన్నారు, అలాగే చేస్తున్నాను. చెవి మీద నాకు నమ్మకం ఎక్కువ. మోటారు చప్పుడు విని బేరింగా, ఎయిర్ గ్యాపా, ఫేజ్ పోయిందా చెప్పగలను. అందుకే మొదట వయొలిన్‌నే అనుమానించాను. బిరడాలు చూశాను, తీగలు చూశాను, బ్రిడ్జి చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. తర్వాత రెండో తీగను చెవితో శ్రుతి చేసి, ఆ తర్వాత యాప్‌లో కొలిచి రాయడం మొదలుపెట్టాను. 392 రావాలి.

ఇంట్లో: 391, 393, 392, 392.
షాపులో: 398, 399, 397, 399.

వారం రోజులు ఆ కాగితం బల్ల మీద అలాగే ఉంది. ఒక రాత్రి వాయిస్తుండగా కరెంటు పోయింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది, అప్పుడు గాని ఇంతసేపూ ఏదో మోగుతోందని తెలియలేదు. టెస్టింగ్ ప్యానెల్ ట్రాన్స్‌ఫార్మర్. ఇరవై ఏళ్లుగా దాని పక్కనే కూర్చున్నాను, నా చెవి దాన్ని లెక్కలోకి తీసుకోవడం ఎప్పుడో మానేసింది.

మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 50 సార్లు అటు, 50 సార్లు ఇటు. ఎటు తిరిగినా కోరు రేకులు గుంజుకుంటాయి కాబట్టి మోత 100 హెర్ట్జ్, దాని మీద 200, 300, 400. నా స 392. మోతలోని 400 దానికి 35 సెంట్లు పైన. తంబూరా యాప్ చిన్న ఫోన్ స్పీకర్‌లో సన్నగా వస్తుంటే, ట్రాన్స్‌ఫార్మర్ గది నిండా తన శ్రుతి వేస్తోంది. నేను రెండిటి మధ్యలో, ట్రాన్స్‌ఫార్మర్ వైపుకు వాలి శ్రుతి చేస్తున్నాను.

చేసినవి:

1. వాయించే ముందు ప్యానెల్ మెయిన్ ఆఫ్. ఆ రాత్రే 393.
2. తంబూరాకు పాత ఆంప్లిఫయర్ స్పీకర్.
3. ఆఫ్ చేయలేని రోజుల్లో శ్రుతి ఇంట్లోనే చేసి తేవడం.

ఇంట్లో ఫ్రిజ్ దగ్గర కూర్చునేవాళ్లు కూడా ఒకసారి చూసుకోండి. వేరే శ్రుతైతే తగిలే దూరం మారుతుంది, కానీ మోత మోతే.

ఈ నాలుగు నెలల్లో క్లాసుకు పోయింది సగమే. రి తప్పు సగటు 17 నుంచి 26కు పెరిగింది. గ, మ ఎక్కువ చెడలేదు. ముందు పోయేది రినే.

ఇప్పటిదాకా: 155 గంటలు. ఫీజు రెండు నెలలకే, 1,600. మొత్తం రూ. 17,000.

దశ 5: సుద్దముక్క, టేపులు తీసేయడం, మలహరి (మే–జులై, వారం 48–61)

మే ఎండకు చెక్క ఎండి బిరడాలు వదులయ్యాయి. శ్రుతి చేసి చేయి తీయగానే గిర్రున వెనక్కి తిరిగేవి. బిరడా బయటికి లాగి బడి సుద్దముక్క సన్నగా రాసి, తిప్పుతూ లోపలికి నొక్కితే ఆగుతుంది. జులై వానలకు అదే బిరడా ఉబ్బి బిగుసుకుంది, దానికి ఎండు సబ్బు ముక్క. రెండూ ఒక డబ్బాలో పెట్టుకున్నాను. ఒక్కో బిరడాయే విప్పాను, సౌండ్‌పోస్ట్ గుర్తుంది.

అలంకారాలు అనే తాళం పాఠాలు మొదలయ్యాక తాళం సమస్య వచ్చింది. కుడి పాదం మీద వయొలిన్ తల ఉంది, కాలితో తాళం వేస్తే అది ఎగిరిపడుతుంది. తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 50 మీద పెట్టాను. మొదటి కాలం బాగానే ఉంది. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, మ నుంచి గకు దిగేచోట ప్రతిసారీ ఆలస్యం. 44కు తగ్గించాను. ఇంకా అక్కడే ఉన్నాను.

జూన్ చివర సార్ టేపులు పీకేశారు. అడగలేదు, నా వయొలిన్ చేతిలోకి తీసుకుని గోరుతో లేపేశారు. నేను వేళ్ల వంకే చూస్తున్నానట. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చిన్నతనంలోనే చూపు మందగించిందని, ఆయన పలక మీద ఏం చూసి వాయించారని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పిల్లలు నవ్వారు.

టేపులు పోయిన వారం సగటు: రి 38, గ 31, మ 20. నాలుగు వారాల తర్వాత: రి 21, గ 16, మ 11. మ త్వరగా కుదరడానికి కారణం ఉంది. రెండో తీగ మీద మ పట్టి చూస్తే లాభం లేదు, ఒకటో తీగ మీద, అంటే పంచమం తీగ మీద, అదే మ చోటు పట్టి వాయించాలి. అక్కడ పై స వస్తుంది. ఒకటో తీగ మీద వచ్చే ఆ స సరిగ్గా కుదిరితే, పక్కనున్న రెండో తీగ, ఖాళీ స, ముట్టుకోకుండానే తనంతట తాను వణుకుతుంది. దాని మీద సన్న కాగితం ముక్క మడిచి పెడితే కదిలేది కంటికి కనిపిస్తుంది. రికి అలాంటి సాక్షి ఎవరూ లేరు.

వేలి కాయలు కూడా ఇప్పుడే అడ్డొచ్చాయి. గట్టి చేతులు కాబట్టి తీగ నొప్పి పెట్టదని మొదట్లో సంతోషించాను. జారుడు మొదలయ్యాక అదే గట్టి తోలు తీగను పట్టుకుని ఆగిపోతోంది. పౌడర్ చిటికెడు వాడుతున్నాను. వారానికోసారి వేలి కొనలు గరుకు కాగితంతో రుద్దుతున్నాను, ఎలాగూ షాపులో ఉందిగా.

జులై మూడో ఆదివారం మలహరి రాగంలో మొదటి గీతం ఇచ్చారు. ఆరోహణలో గ లేదు, ని అసలే లేదు. రి నుంచి నేరుగా మ. అంటే ఇరుకు గ-మ జత ఎక్కేటప్పుడు తగలదు, దిగేటప్పుడే తగులుతుంది. నా బలహీనత సరిగ్గా దిగేటప్పుడే ఉంది.

ఇప్పటిదాకా: 212 గంటలు. తీగల సెట్టు 450, ఫీజు 2,400. మొత్తం రూ. 19,850.

నిన్న రాత్రి పరీక్ష, టేపులు లేకుండా, మలహరి అవరోహణలో వచ్చే గ 20 సార్లు. పదమూడింట్లో ఏడు 10 సెంట్ల లోపల. పద్నాలుగోసారికి ఒకటో తీగ బిరడా జారింది. మా బిడ్డ ఫోన్ పక్కన పెట్టి నిద్రపోయింది. మిగతా ఏడు రేపు.